మందలో వేసినట్టు సూది

మూడోసారీ కడుపు నిలవకపోయాక జయంతి, మొగుడు బాలప్పతో అనంతపురం వెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చుంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి రక్తాన్ని గడ్డకట్టిస్తోందేమో, బిడ్డకు అందాల్సింది అందనీయడం లేదేమో అని ఆవిడ అనుమానం. మొదటి రక్తపరీక్షలో ఆ ఛాయ కనబడింది.

"మూడు నెలలాగి ఇంకోసారి చూడాల. అప్పుడూ ఇట్లే వస్తే, కడుపు నిలిచినప్పట్నుంచి రోజూ పొట్టకు సూది" అంటూ సూది పేరు కూడా చెప్పింది.

మడకశిర పక్కన బాలప్పకు గొర్రెల మంద ఉంది. చిటుకు రోగం వచ్చేదాకా ఆగితే మంద మిగలదని, తొలకరికి ముందే అన్నింటికీ తన చేత్తోనే సూదులేస్తాడు.

"ఆగేదేంది? రోగం ముదిరినాక వేస్తారా?" అని రెండు నెలలు గడిచేసరికి ఆ మందేదో హిందూపురంలో వెతికి తెచ్చాడు. పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టి ఎక్కించాడు.

"నేనేమన్నా గొర్రెనా?" అంది జయంతి.

"గొర్రెయితే ఇన్ని మాటలు అడగదు."

అత్త నల్లమ్మ గడప మీంచి అంది: "మందేసుకుంటే కదమ్మే గుణమయ్యేది. పరీక్షలు చేసుకుంటా కూర్చుంటే కడుపు నిలుస్తాదా?"

అదీ నిజమేననిపించింది జయంతికి. మర్నాడూ వేయించుకుంది. ఆపైన రోజూ. నేరేడుపండ్లు నలిపినట్టు పొట్టంతా మచ్చలు లేచాయి.

రెండో పరీక్షకు పోతుంటే బస్సులో బాలప్ప మెల్లగా అన్నాడు: "సూదుల సంగతి చెప్పబాక. మళ్లా ఆగమంటాది."

ఆసుపత్రిలో నర్సు చేతికి రబ్బరు కట్టి, "ఏమన్నా మందులు వాడతాండావామ్మా?" అంది.

జయంతి పక్కనున్న బాలప్పకేసి చూసింది. చెప్పకపోతే పరీక్ష ఈరోజే అయిపోతుంది. కానీ అందులో వచ్చేది తన రక్తం సంగతా, సూదుల సంగతా?

"సూదులేసుకుంటాండా" అనేసింది.

నర్సు రబ్బరు విప్పేసింది. డాక్టరమ్మ వచ్చి పొట్ట చూసింది. "ఎవరేసినారు?"

"నేనే మేడం. అలవాటు ఉండాది" అన్నాడు బాలప్ప, గోడకేసి చూస్తూ.

"సూదేసే చెయ్యి మంచిదే. అయితే రక్తాన్ని పల్చన చేసే మందు ఒంట్లో ఉంటే ఈ పరీక్షను నమ్మలేం. ఇవి ఆపి, కొన్ని వారాలైనాక రాండి."

"అంటే నాకు ఆ జబ్బు ఉన్నట్టా మేడం, లేనట్టా?"

"ఈ పొద్దు చెప్పలేనమ్మా."

"లేకపోతే మూడుసార్లు ఎందుకు పోయినట్టు?"

"శానామందికి కారణం దొరకదు. ఒక్కోసారి ఏ మందూ లేకుండానే నిలుస్తాది కూడా."

జయంతికి ఆ మాట మంచిదో చెడ్డదో తెలియలేదు. జబ్బుంటే సూది ఉంది. లేకుంటే పట్టుకోవడానికి ఏముంది?

తిరుగు బస్సులో బాలప్ప అన్నాడు: "చెప్పద్దంటి కదా."

"చెప్పకుంటే, ఆ కాగితంలో ఏమొచ్చినా నమ్మేదెట్లప్పా?" అతని వైపు తిరిగి అడిగింది: "మన దేవర ముందర నిలబడి ఏమని మొక్కల్ల నేను? జబ్బు ఉండాలనా, ఉండకూడదనా?"

మందలో దేనికి ఏ జబ్బొచ్చినా అడిగిన క్షణమే మందు చెప్పే మనిషి, కిటికీ బయట బీడు పడిన చేన్లకేసి తల తిప్పాడు.

"నాకూ తెల్దు" అన్నాడు.