నీచు వాసన

"ఇవాళ నీచు వాసన రావట్లేదేం?"

మా ఆయన ఈ మాట మొదటిసారి అన్నది రెండేళ్ళ కిందట. అంతకు ముందు రోజూ "అబ్బా, కంపు! ముందు స్నానం చేసి తగలడు" అనేవాడు. పోనీలే అని ఆ రోజు నేను పనిచేసే చేపల ల్యాబులోనే సబ్బుతో కడుక్కుని వచ్చాను. గుమ్మంలోనే వాసన చూసి "ఎవడి కోసం?" అన్నాడు. అతని వేళ్ళ గుర్తులు నా మణికట్టు మీద వారం రోజులున్నాయి. "అనుమానం ఉందంటే ప్రేమ ఉన్నట్టేనమ్మా" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. అప్పట్నుంచీ చేతులు కడుక్కోకుండానే ఇంటికొస్తున్నాను. ఒంటికి నీచు అంటకపోతే నేనే నీచురాలినన్నమాట!

పొద్దున్న ల్యాబులో అడుగు పెట్టగానే సారు చెప్పారు, తొట్లలో చేపలకి తెగులు సోకిందని, ఇవాళ్టి నుంచి మందు సబ్బుతో మోచేతులదాకా కడుక్కోనిదే ఎవరూ బయటికి వెళ్ళకూడదని. ఇక పని మీద మనసెక్కడ నిలుస్తుంది?

నేను చేసేది తొట్లు కడగడం, నీళ్ళు మొయ్యడం. గుడ్లు పెట్టబోయే ఆడచేప వాసన నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు సీసాతో తెచ్చి మగచేపల తొట్టిలో పోస్తాను. ఆడది అక్కడ లేకపోయినా వెర్రెత్తినట్టు మూలమూలా వెతుకుతాయి. సారు మురిసిపోతూ రాసుకుంటారు. ఇవాళ నేను సీసా మార్చి పోశాను. చర్మం చీరుకుపోయిన చేప ఉన్న నీళ్ళవి. క్షణంలో మగచేపలన్నీ అడుక్కి దిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుసుకుపోయాయి. దెబ్బ తిన్నదాన్ని అవి చూడనైనా లేదు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా? అవి భయం నీళ్ళు!" అని సారు కేకలేశారు. "వేరే తొట్టిలోకి మార్చు. ఆ నీళ్ళలో ఉంటే ఇక తేరుకోవు."

సాయంత్రం దారి పొడుగునా గోళ్ళు వాసన చూసుకుంటూ నడిచాను. ఎక్కడా ఇసుమంత నీచు లేదు, అంతా మందు సబ్బే. ఏం చెప్పాలి? చెప్తే నమ్ముతాడా?

తలుపు తీసింది ఎనిమిదేళ్ళ నా కూతురు. నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. దాని మొహం పాలిపోయింది.

"అమ్మా, ఉండు!" అని లోపలికి పరిగెత్తి పెన్సిల్ డబ్బా తెచ్చింది. అందులో మడిచిన కాగితం, కాగితంలో చేపల మేత పొడి.

"నీ సంచిలోంచి తీసి దాచా. తొందరగా రుద్దుకో, నాన్న వచ్చేస్తాడు" అంటూ తనే నా అరచేతులకి రుద్దడం మొదలుపెట్టింది.

నా మణికట్టు మీది గుర్తులు దానికెప్పుడూ కనబడనివ్వలేదు. ఒక్క మాటైనా చెప్పలేదు.

నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు. పంపు తిప్పి దాని చేతులూ నా చేతులూ సబ్బుతో కడిగాను.

"చెప్పులేసుకో."

"ఎక్కడికమ్మా?"

"పెద్దమ్మ ఇంటికి. నీళ్ళు మార్చాలి, తల్లీ."