నడిమి కుట్టు

హూలూ పుట్టి ఆ రోజుకి నూరు రోజులు. వాడి తల్లి చున్యా పొద్దున్నుంచీ కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. నూడుల్స్ పిండి పిసికింది, గుడ్లకు ఎర్ర రంగు అద్దింది. మధ్యమధ్య, కింద నిప్పు రాజేసి వెచ్చగా ఉంచే పడక, ఆ వేడి అరుగు దగ్గరికి వెళ్ళి, దుప్పటి కింద దాచిన ఎర్ర లాగును తడిమి చూసుకుంటోంది.

అన్నాళ్ళూ పొత్తిగుడ్డల్లో పెరిగిన పిల్లాడికి నూరో రోజున మొదటి లాగు తొడగడం ఆ ఊరి ఆచారం. దూది పెట్టి కుట్టిన లాగు, కాళ్ళ మధ్య తెరుచుకుని ఉండాలి. పిల్లాణ్ణి రెండు తొడలూ పట్టి ఎత్తి, ఈల వేస్తే చాలు, వాడి పని వాడు కానిచ్చేస్తాడు. విప్పడం లేదు, తొడగడం లేదు. అయితే ఆ మొదటి లాగు తల్లి చేత్తో కుట్టిందే కావాలి.

చున్యా పెళ్ళికి ముందు దూరాన, దేశానికి దక్షిణాన ఉన్న జీన్స్ ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఒకరికి ఒకే కుట్టు. ఆమె వంతు కాళ్ళ నడిమి కుట్టు. ఏళ్ళ తరబడి అదొక్కటే కుట్టింది గాని, ఒక లాగు మొదలు నుంచి చివరిదాకా తన చేతుల్లో తయారవడం ఎన్నడూ చూడలేదు. అందుకే ఈ జానెడు లాగు మీద అంత సంబరం.

అత్త షిలాన్‌కి మాత్రం నమ్మకం లేనట్టే ఉంది. వీధిలో సగం మంది పిల్లలు ఆమె కుట్టిన లాగుల్లోనే పెరిగారు. నెల క్రితమే కోడలితో అంది: "నీ వల్ల కాకపోతే ముందే చెప్పేయమ్మాయ్. నేను కుట్టింది పెట్టెలో రెడీగా ఉంది."

ఆ మాట చున్యాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ పెట్టె మూత తెరుచుకోకూడదు, ఊరంతా చూస్తుండగా అస్సలు తెరుచుకోకూడదు అని పంతం పట్టింది. మూడుసార్లు విప్పి నాలుగోసారి కుట్టింది. నిన్న సాయంత్రం చివరి కుట్లు వేస్తున్నంతసేపూ ఎవరెవరు ఏమేమి మెచ్చుకుంటారో ఊహించుకుంటూ కూర్చుంది. చేతుల పని చేతులు చేసుకుపోయాయి.

చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారు. పిల్లాడికి చలి తగలకుండా దుప్పటి కిందే గబగబా లాగు ఎక్కించి, పైన పొడుగు దూది చొక్కా తొడిగి, అత్త చేతికిచ్చింది. ఆచారం ప్రకారం వాడి మెడలో ఉంగరంలా గుండ్రంగా కాల్చిన రొట్టె వేశారు. పక్కింటి ఫాన్ వదిన ఆ ఎర్ర లాగు చూసి, ఫ్యాక్టరీ పిల్లకి ఇంత పనితనం ఉందా అంది. సంబరంతో చున్యా కాళ్ళు నేల మీద నిలవలేదు.

షిలాన్ మనవణ్ణి వాకిట్లోకి తీసుకెళ్ళి, బూడిద పోసిన పళ్ళెం మీదికి ఎత్తి పట్టుకుని ఈల వేసింది. అందరూ చుట్టూ మూగారు. హూలూ ముఖం ఎర్రబడింది, తర్వాత హాయిగా వెలిగింది. పళ్ళెంలో మాత్రం చుక్క పడలేదు. చలిగాలిలో లాగులోంచి ఆవిరి లేచింది.

ఫాన్ వదిన వంగి చొక్కా ఎత్తి చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! కిటికీ పెట్టమంటే గోడ కట్టేశావేంటే?"

వాకిలంతా నవ్వులు. కాళ్ళ నడుమ జంట కుట్టు, ఫ్యాక్టరీలో వేసినట్టే, వంకర లేకుండా, గట్టిగా ఉంది. చున్యాకు సిగ్గుతో చెవులు మండాయి. అత్త కుట్టిన లాగు ఇంకెవరో తెచ్చేదాకా ఎందుకు, తన ఓటమి తానే మోసుకొస్తానని లోపలికి పరుగెత్తి పెట్టె మూత ఎత్తింది.

పెట్టెలో పాత దుప్పటి ఉంది. దాని కింద కత్తెర ఉంది. లాగు లేదు. దుప్పటి దులిపి చూసింది. ఎక్కడా లేదు.

తడిసిన మనవడితో షిలాన్ గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను కుట్టలేదు," అంది. "ఉందని చెప్పకపోతే నువ్వు నాలుగోసారి కూర్చునేదానివా?"

చున్యాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ముసలమ్మ తనని నమ్మింది, నమ్మి నెల రోజులు అబద్ధమాడింది. షిలాన్ అరుగు మీద కూర్చుని, మనవడి లాగు విప్పి, ఆ కుట్టును గోటితో లాగింది. రాలేదు. పంటితో పట్టింది. రాలేదు.

"ఇన్నేళ్ళూ అక్కడ వేసింది ఈ కుట్టేనా? ఏనుగు లాగినా ఊడేట్టు లేదే," అంది, ఈసారి వేళాకోళం లేకుండా. పెట్టెలోంచి కత్తెర తీసి కోడలికి అందించింది.

దాన్ని ఎలా విప్పాలో చున్యాకు తెలుసు. ఒక చివర దారం తెంపి, ఇంకో చివర పట్టి ఒక్క గుంజు గుంజింది. కుట్టంతా సర్రున విడిపోయి, లాగు తలుపులా తెరుచుకుంది. దాన్ని వేడి అరుగు మీద పరిచారు. వాకిట్లో నూడుల్స్ తినడం అయ్యేసరికి ఆరిపోయింది.

ఈసారి హూలూని చున్యానే ఎత్తి పట్టుకుంది. నవ్వు ఆగక ఈల సగంలోనే తెగిపోయింది. అయినా వాడికి అది చాలింది. ధార పళ్ళెం దాటి, షిలాన్ పండక్కని వేసుకున్న కొత్త బూట్ల మీద పడింది.

షిలాన్ కాలు వెనక్కి తీసుకోలేదు.

"ఇది మా కోడలు కుట్టిన లాగు," అంది ఫాన్ వదినతో.