కోయని మూల

ఆ ల్యాబులో ఆవిడకి పేరు లేదని కాదు, పేరుతో పిలిచేవాళ్లే లేరు. అందరికీ జెల్లక్కే. ఇరవై రెండేళ్లుగా జెల్ పోసి, జెల్ నడిపి, జెల్ చదివే మనిషిని ఇంకేమని పిలుస్తారు? మొదట్లో వెక్కిరింతగానే పెట్టారు. వెక్కిరించినవాళ్లంతా రిటైరైపోయారు, పేరు మాత్రం మిగిలిపోయింది.

పోలీసులు పంపే నెత్తుటి మరకలు, వెంట్రుకలు, దిక్కులేని శవాల నుంచి తీసిన ఎముక ముక్కలు అన్నీ చివరికి ఆవిడ బల్ల మీదికే వస్తాయి. వాటిలోంచి తీసిన డీఎన్ఏని పల్చటి జెల్ పలక పైఅంచున ఉన్న గుంటల్లో చుక్క చుక్కగా వేసి, కరెంటు పెడుతుంది. నల్ల తీగ వైపు నుంచి ఎర్ర తీగ వైపుకి డీఎన్ఏ ముక్కలు బయల్దేరతాయి. చిన్నవి చులాగ్గా జారిపోతాయి, పెద్దవి ఆయాసపడుతూ వెనకబడతాయి. తర్వాత రంగు పట్టిస్తే ఎవరి గీతలు వాళ్లవి బయటపడతాయి. ఎవరి గీతలు ఎవరితో కలిశాయో చూసి చెప్పడమే ఎలక్ట్రోఫోరెసిస్‌తో ఆవిడ చేసే పని. మిగతాదంతా ఓపిక.

కొత్తగా చేరిన ప్రతివాళ్ల ప్రాణమూ ఆవిడ ఒకే ప్రశ్నతో తోడేసేది.

"మూల కోశావా?"

జెల్ పలకని గాజు మీంచి తీసేముందు కింద కుడి మూల చిన్నగా కోసెయ్యాలి. పలక రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పొరపాటున బోర్లా పడిందా, ఎడమ కాస్తా కుడి అయిపోతుంది, ఒకరి గీతలు ఇంకొకరి పేరు మీదికి పోతాయి. కోసిన మూల ఎటుందో చూసుకుంటే ఆ భయం ఉండదు. కోయనివాళ్ల జెల్‌ని ఆవిడ చూడను కూడా చూడకుండా చెత్తబుట్టలో పడేసేది. ముక్కు మీద కోపం అని అందరూ అనుకునేవారు. నిజానికి అది కోపం కాదు, పని మీద ప్రేమ. ప్రేమ చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు మరి. ఒంటిగది ఇంట్లో ఆవిడకి రెండు కుర్చీలు. రెండోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ బట్టలే కూర్చుంటాయి.

జెల్లక్కకి ఎనిమిదేళ్లప్పుడు, వాళ్ల నాన్న రేడియో బాగుచేయించుకొస్తానని చంకలో పెట్టుకుని వెళ్లి మళ్లీ రాలేదు. రేడియో కూడా రాలేదు. అమ్మ ముప్పై ఏళ్లు ఎదురుచూసి, "మీ నాన్న కనిపిస్తే అన్నం పెట్టకుండా పంపకే" అని చెప్పి కన్నుమూసింది. అప్పటికే జెల్లక్క ఈ ఉద్యోగంలో ఉంది.

ల్యాబు గోడకి ఒక పటం వేలాడేది. అక్కడ పనిచేసేవాళ్లందరి గీతల పట్టీలూ పేర్లతో సహా దాంట్లో ఉండేవి. ఎవరి తుంపరైనా శాంపిల్‌లో పడితే పట్టుకోవడానికి పెట్టిన పటం అది. జెల్లక్క దాన్ని ఇంకో పనికి వాడుకునేది. పేరూ ఊరూ లేని ముసలాయన శవం నుంచి శాంపిల్ వచ్చిన ప్రతిసారీ, రిపోర్టు రాసేశాక, గదిలో ఎవరూ లేనప్పుడు, ఆ జెల్ ఫోటోని తన పట్టీ పక్కన పెట్టి చూసుకునేది. అప్పటి పరీక్షలో డీఎన్ఏలో నాలుగు చోట్ల చూసేవారు. ఒక్కో చోట మనిషికి రెండేసి గీతలు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కన్నతండ్రి అయితే నాలుగు చోట్లా ఒక్కో గీతైనా కలిసి తీరాలి. ఏదో ఒక చోట తప్పిపోయేది. ఆవిడ ఊపిరి వదిలేది. అది నిరాశో నిశ్చింతో ఆవిడకే తెలిసేది కాదు.

పదకొండేళ్ల కిందట ఒకాయన గీతలు నాలుగు చోట్లా కలిశాయి.

నాలుగు చాలవని ఆవిడకి తెలియదా? జూనియర్లు అలాంటి రిపోర్టు తెస్తే, "నాలుగు కలిస్తే చుట్టరికమేనా? అలా అయితే ఊళ్లో ప్రతి వీధిలోనూ నీకు ఓ నాన్న ఉంటాడు" అని చీల్చి చెండాడే మనిషి. ఇంకో ఎనిమిది చోట్ల చూసే పరీక్ష అప్పటికే వచ్చింది, అడిగితే చేసేవారు. ఆవిడ అడగలేదు. కాదని తేలితే తట్టుకోలేనని భయపడింది. ఎవరికీ చెప్పలేదు, రిపోర్టులో రాయలేదు. ఆయన్ని పాతిపెట్టిన శ్మశానం ఎక్కడుందో కనుక్కుని, నెల నెలా మొదటి ఆదివారం బస్సెక్కి వెళ్లేది. ఒక ఇనప కర్రకి 117 అని అంకె. దాని పక్కన కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పేది. గేటు దగ్గర కాపలాదారు పుస్తకంలో వచ్చినవాళ్ల పేరు, ఎవరి దగ్గరికి వచ్చారు, సంబంధం ఏమిటి అని మూడు గళ్లు ఉంటాయి. మూడో గడిలో "కూతురు" అని రాసుకోవడం కోసమే ఆవిడ నెలంతా బతికేదంటే అబద్ధం కాదు.

ఇదిలా ఉండగా ఈమధ్యే ల్యాబుకి కొత్త యంత్రం వచ్చింది. జెల్ పోయక్కర్లేదు, మూల కోయక్కర్లేదు. వెంట్రుకంత సన్నటి గొట్టాల్లోంచి డీఎన్ఏని పరుగెత్తించి, ఒకేసారి ఇరవై చోట్ల లెక్క తేల్చేస్తుంది. పాత పటం తీసేసి సిబ్బంది లెక్కలన్నీ కొత్తగా ఎక్కించమన్నారు. అందరి బుగ్గల లోపలా దూదిపుల్ల తిప్పి శాంపిళ్లు తీశారు. యంత్రం నడిపేది కొత్తగా చేరిన ఓ అమ్మాయి. మూడోరోజు మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"అక్కా, ఓ వింత చూడండి. పటంలో మీ పేరు మీదున్న లెక్క మీది కాదు. మన తాళాల మామయ్యది!"

తాళాల మామయ్య అంటే స్టోరు చూసే పెద్దాయన. నడుముకి గుత్తి వేలాడకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

"మామయ్య పేరు మీదున్నదేమో మీది. ఇన్నేళ్లూ ఒకరి పట్టీలో ఒకరు కాపురం ఉన్నారన్నమాట!"

జెల్లక్క నవ్వలేదు. బీరువా తీసి, ఆ పాత పలక వెతికింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం తన చేత్తో తాను నడిపిన మొట్టమొదటి జెల్. ఎండబెట్టి, కాగితాల మధ్య భద్రంగా దాచి ఉంది. తొమ్మిది గుంటలు, రెండు చివర్లా కొలత గీతలు. రెండో గుంట తనది, ఎనిమిదోది మామయ్యది. మధ్య గుంటలవాళ్లు ఎప్పుడో రిటైరైపోయారు. ఆడా మగా తేల్చే గుర్తు ఆనాటి పరీక్షలో లేదు కాబట్టి తారుమారైనా ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగు మూలలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏం కాదులే అక్కా," అంది అమ్మాయి కంగారుగా. "ఎల్లుండి ఆ పటం ఎలాగూ చింపేస్తారు. కొత్త లెక్కలు ఎక్కించేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే ఆదివారం మామూలుగా బస్సెక్కొచ్చు. 117 పక్కన కూర్చోవచ్చు. ఆవిడ లేచి స్టోరుకి వెళ్లింది.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగింది.

మామయ్య కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "ఆయనకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నారు. టీలో చక్కెర తక్కువైందని పొద్దున్నే కప్పు విసిరారు. తొంభై ఒకటి. ఏం, సంబంధాలేమైనా చూస్తున్నావా?"

అంటే 117లో ఉన్నది మామయ్య తండ్రి కూడా కాదు. ఆ నాలుగు గీతలు మామయ్య పట్టీతో ఊరికే కలిశాయి. అంతే.

మర్నాడు అన్నం డబ్బా మూత కూడా తీయకుండా ఆవిడ 117 ఫోటోని, పటంలో మామయ్య పేరు మీదున్న తన అసలు పట్టీ పక్కన పెట్టింది. మొదటి చోటే కలవలేదు. మూడో చోటా కలవలేదు. ఇంకోసారి చూసింది, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చూసింది. గీతలకి జాలి ఉండదు. పదకొండేళ్ల కబుర్లు ఎవరికి చెప్పిందో తలుచుకునేసరికి దుఃఖం ఎగదన్నుకొచ్చింది. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చింది.

తర్వాత మిగతా ఫోటోలన్నీ కిందికి దించింది. ఇరవై రెండేళ్లలో మొత్తం అరవై ముగ్గురు ముసలాళ్లు. కాదని తాను పక్కకి నెట్టేసినవాళ్లలో ఆయన ఉంటే? రెండు రోజులు చూసింది. నాలుగు చోట్లా కలిసినవాళ్లు ఇద్దరు తేలారు.

ఇద్దరు! ఎనిమిదేళ్లప్పుడు పోగొట్టుకున్న ఒక్క నాన్నకి బదులు ఇప్పుడు ఇద్దరు నాన్నలు! పగలబడి నవ్వింది. పక్కగదిలోంచి అమ్మాయి తొంగిచూసి వెళ్లిపోయింది. ఇద్దరి శాంపిళ్లూ నిబంధన ప్రకారం ఐదేళ్లకే కాల్చేశారు, కొత్త యంత్రంలో పెట్టడానికి ఏమీ మిగల్లేదు. వాళ్లలో ఒకరు కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. కావాలంటే ఎవరో ఒకరిని ఎంచుకోవచ్చు. ఒకసారి అలా ఎంచుకున్న మనిషి ఆవిడ. ఫోటోలు మళ్లీ కవర్లలో పెట్టేసింది.

శనివారం తప్పుల పుస్తకం తెరిచింది. ఇరవై రెండేళ్లలో అందులో ఆవిడ పేరు ఒక్కసారీ ఎక్కలేదు. జరిగిన తప్పు: మూల కోయలేదు, పలక బోర్లా పడింది. చేసినవారు: నేను. దీనివల్ల చెల్లని పోలికలు: అరవై మూడు.

డైరెక్టరు సంతకం పెట్టబోయి ఆగాడు. "అరవై మూడేంటమ్మా? సిబ్బంది పట్టీతో పోల్చాల్సిన కేసులు మనకి అన్నెక్కడున్నాయి?"

"ఆఫీసు పని కాదండీ. నా సొంతానికి చేసుకున్నాను. మా నాన్న కోసం."

అంత మాట ఆవిడ ఆ ఆఫీసులో ఎవరితోనూ అని ఉండలేదు. ఆయన పుస్తకం వైపూ ఆవిడ వైపూ చూశాడు. సంతకం పెట్టి, రెండు చేతులతో పుస్తకం తిరిగి ఇచ్చాడు.

మర్నాడు మొదటి ఆదివారం. వెళ్లకూడదనుకుంది. ఇస్త్రీ బట్టలు సర్దింది, గిన్నెలు రెండోసారి కడిగింది. పదకొండయ్యేసరికి చెప్పులు వేసుకుంది. కనీసం చెప్పి రావాలి కదా, ఇన్నేళ్లు విన్న మనిషికి.

117 పక్కన కూర్చుని జరిగిందంతా వరసగా చెప్పింది. జెల్ సంగతి, మూల సంగతి, మామయ్య తండ్రి విసిరిన కప్పు సంగతి. "నేను మీకేమీ కానండీ," అంది చివరికి. పదకొండేళ్లుగా "నువ్వు" అన్న మనిషిని మొదటిసారి "మీరు" అంది. చుట్టూ కర్రలు, కర్రలకి అంకెలు. ఎవరి దగ్గరా ఎవరూ లేరు.

తిరిగి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగింది. వచ్చేటప్పుడు కాపలాదారు లేడు, పుస్తకంలో రాయలేదు. సంచీలోంచి పెన్ను తీసింది. మూడో గడిలో ఏం రాయాలో దారంతా ఆలోచించుకుంది. ఏమీ రాయకుండా గీత పెట్టేద్దామనుకుంది.

"మీరు రాయక్కర్లేదమ్మా," అన్నాడు కాపలాదారు లోపల్నుంచి వస్తూ. "అటు తిరిగొచ్చేసరికి మీరు అక్కడ కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ ఉండేదే కదా అని నేనే నింపేశాను. సరిగ్గా ఉందో లేదో చూసుకోండి."

వంకర అక్షరాలతో ఆవిడ పేరు, 117, కూతురు.

జెల్లక్క ఆ మూడో గడిని చాలాసేపు చూసింది. ఇంకొకరి పుస్తకంలో తప్పు కనిపిస్తే దిద్దకుండా వదిలిన మనిషి కాదు. పెన్నుకి మూత పెట్టి సంచీలో వేసుకుంది.

"సరిగ్గానే ఉంది," అని చెప్పి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.