ఆగిన చోట గీత

సుధీర్ సారుకు ఇంగ్లీషు గీతల మీద పిచ్చి ఎక్కి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు ఆయన పిచ్చి పిల్లల బూట్ల మీద ఉండేది. మా ఊరు కోసిగిలో వాళ్ళ నాయన కట్టించిన పత్తి గోదాముకే పచ్చరంగు వేసి ఇంగ్లీషు మీడియం బడి చేశాడు. దానికి కరస్పాండెంటు తనే. హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు పోయి వచ్చినప్పటి నుంచి, పొట్టి గీత ఎక్కడ పెట్టాలో, పొడుగు గీత ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే మనిషి, మిగతావాళ్ళంతా గొడ్లు అన్నట్టు తయారయ్యాడు.

తల్లిదండ్రుల మీటింగులో మమ్మల్ని పిల్లల బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చోబెట్టి, బోర్డు మీద గీతలు గీసి, కర్రతో కొట్టి కొట్టి చూపించాడు. పొట్టిది హైఫనట, రెండు మాటల్ని కలుపుతుందట. పొడుగుది డ్యాషట, మాట ఆగిన చోట వస్తుందట. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. మూడో తరగతికి దీని మీద పరీక్ష పెడతానని, తప్పినవాళ్ళను బీ సెక్షన్‌కు పంపుతానని అన్నాడు. బీ సెక్షన్ అంటే ఏమిటో మాకందరికీ తెలుసు. వెనక రేకుల షెడ్డు, అందులో ఫోను చూసుకుంటూ కూర్చునే టీచరమ్మ.

షెడ్డు కన్నా నాకు మా అత్త గిడ్డమ్మ మాటే ఎక్కువ భయం. ప్రతి ఏడూ మా వీధి సగం సుగ్గికి పోతుంది, గుంటూరు వైపు మిరపకాయలు తెంపే కూలికి. నా భర్త, అత్త లారీ ఎక్కుతారు. మా పిల్ల జ్యోతి ఇప్పుడు మూడో తరగతి, దాని బడి కోసం నేను ఇక్కడ ఉండిపోతాను. "బీలో ఏసినారంటే పిల్ల నాతో వస్తాది. ఆ షెడ్లో ఉత్తగా కూసునేదానికి మీరిద్దరూ ఈడెందుకు?" అని అత్త ముందే తేల్చేసింది. నన్నూ తొమ్మిదో తరగతిలో అట్లాగే లారీ ఎక్కించారు. తిరిగి వచ్చేసరికి నా చోట్లో వేరే పిల్ల కూర్చుని ఉంది. నేను మళ్ళీ లోపలికి పోలేదు.

అందుకే పిల్లను కూర్చోబెట్టి నేనే చెప్పాను. హైఫన్ తేలిగ్గానే ఎక్కింది. ఇంగ్లీషులో అత్త అని రాయాలంటే మదర్‌కూ ఇన్‌కూ నడుమ ఒక ముడి, ఇన్‌కూ లాకూ నడుమ ఇంకో ముడి వేయాలి. "అత్తను అన్ని ముళ్ళేసి కట్టాల్నా అమ్మా?" అని జ్యోతి నవ్వింది. నేనూ నవ్వి, ఆమె వినలేదు కదా అని వాకిలి వైపు చూసుకున్నాను.

పొడుగు గీతే ఎక్కలేదు. మాట ఊరికే ఎందుకు ఆగుతుందని పిల్ల ప్రశ్న. నాకూ చెప్పడం రాలేదు. అంతలో ఆశా వర్కరు సంతోషమ్మ జ్వరాల సర్వేకని వచ్చి ఇంటి యజమాని పేరు అడిగింది. మా ఇంటాయన పేరు అంటూ నేను ఆగాను. మా వైపు పెళ్ళాం మొగుడి పేరు నోటితో పలకదు, అత్త ఇంట్లో ఉంటే అసలే పలకదు. జ్యోతి అలవాటుగా "ఈరేష్" అని అందించింది. సంతోషమ్మ రాసుకుని పోయాక నాకు తట్టింది.

"సూడు, పేరు కాడ నేను ఆగినానా లేదా? ఆ ఆగిన చోట పొడుగు గీత" అన్నాను.

పిల్లకు అర్థమైపోయింది. సారు కర్రతో చెప్పలేనిది నేను ఉత్త చేతులతో చెప్పానని ఆ పూటంతా మురిసిపోయాను.

తప్పులున్న కాగితాలను అందరి ముందూ చదవడం సుధీర్ సారుకు పండగ. పరీక్ష తర్వాతి మీటింగుకు అత్త కూడా వచ్చింది. కుటుంబం గురించి హైఫన్లు, డ్యాష్‌లు పెట్టి రాయమన్నాడట. జ్యోతి కాగితం తీసి, "మై ఫాదర్స్ నేమ్ ఈజ్" అని చదివి ఆపాడు. కాగితం అందరికీ తిప్పి చూపించాడు. పేరు ఉండాల్సిన చోట పొడుగ్గా గీత.

"ఏమ్మా, పాపకు నాయన పేరు తెలీదా? నీకన్నా తెలుసా?"

ముందు వరసలోని ఎరువుల అంగడి వాళ్ళు నవ్వారు. బడి ఆయనదైతే జోకు కూడా ఆయనదే కదా.

జ్యోతి లేచి నిలబడింది. "నాయన పేరు కాడ మా అమ్మ ఆగుతాది సార్. ఆగిన చోట గీత అని మీరే చెప్పినారు."

ఆ మాట ఆయనకు అర్థమైంది. ముఖంలో కనిపించింది. కానీ అర్థమైందని ఒప్పుకుంటే ముందు వరస ముందు చిన్నబోతాడు. గీతలు నేర్చాడే గానీ ఎక్కడ ఆగాలో నేర్వలేదు.

"మీ ఇండ్లలో పద్ధతులన్నీ ఇంగ్లీషులోకి తెస్తే ఎట్లమ్మా? సరే, నువ్వే గట్టిగా చెప్పు మొగుని పేరు. చెప్తే పాపను ఏ సెక్షన్లోనే ఉంచుతా."

చిన్న పేరు. పలికితే లారీ తప్పుతుంది. నోరు తెరిచాను. పక్కన అత్త నా వైపు చూడకుండా కొంగు మెలిపెడుతోంది. నాలుక కదల్లేదు. లేచి బోర్డు దగ్గరకు పోయి, ఆ పూట కూడా ఆయన గీసుకున్న గీతల కింద ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో నా భర్త పేరు రాశాను. బోర్డు మీద రాసే అలవాటు లేక అక్షరాలు కిందికి జారాయి.

"చెప్పమన్నా, రాయమన్లేదు. బీ" అన్నాడు సారు.

అత్త జ్యోతి వైపు వంగి, అది నా కొడుకు పేరేనా అని అడిగింది. అవునని పిల్ల తలూపింది. అత్త అక్షరాల వైపు కాసేపు చూసి లేచింది.

"ఏమప్పా, నా ముందర నా కొడుకు పేరు ఎత్తకుండేది నా కోడలు నాకిచ్చే మర్యాద. నాకిచ్చేదాన్ని నువ్వెవరు తీసేయమనేదానికి? నీ పెండ్లాము మీ నాయన ముందర నిన్ను ఏమని పిలుస్తాదో మేమెప్పుడన్నా అడిగినామా?"

ఈసారి వెనక బెంచీలు నవ్వాయి. ముందు వరస ఫ్యాన్ల వైపు చూసింది. సారు గబగబా డస్టరు తీసుకుని నా భర్త పేరు తుడిచాడు. ఆ తొందరలో తన గీతలు కూడా తుడిచేసుకున్నాడు. సెక్షన్ మాత్రం మార్చలేదు. అంత పెద్ద మనసు ఆ గోదాములో ఏనాడూ లేదు.

ఇక పిల్ల లారీ ఎక్కాల్సిందేనా అని ఇంటికి వచ్చే దారిలో అత్తను అడగాలనుకున్నాను. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. సుగ్గికి పోయే పొద్దు వచ్చింది. లారీ వీధి చివర హారన్ కొడుతుంటే, నా చీరలు మూట కట్టి, నేనే పిల్ల గౌన్లు మడిచి అత్త మూటలో పెట్టాను. అత్త మూట విప్పి వాటిని ఒక్కొక్కటిగా తీసి నా ఒళ్ళో వేసింది.

"ఇవెందుకు పెట్టినావే? పిల్ల యాడికీ రాదు. ఆ షెడ్లో టీచరమ్మ ఫోను సూస్తాంటే, పాఠం ఎందుకు సెప్పవని పోయి అడుగు. నువ్వు నోరు తెరిసి అడగాల్సింది దాన్ని" అంది.

నా భర్త చేయి అందిస్తే లారీ ఎక్కి, మిగతా ఆడవాళ్ళను జరగమని కసురుకుంటూ కూర్చుంది. లారీ మలుపు తిరిగింది. నేను గౌన్లు మంచం మీద పడేసి, జ్యోతి చేయి పట్టుకుని షెడ్డు వైపు నడిచాను.