నెమ్మది కాలు

కారు మళ్లీ గుంజింది. గుంజి, ఒక్క ఉరుకు ఉరికి, రోడ్డు మధ్యలో చప్పున ఆగిపోయింది. వెనకున్న లారీ డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? కాలు కుదురుగా పెట్టమన్నానా లేదా?" అంది పక్కసీట్లో కూతురు.

కూతురికి డ్రైవింగ్ నేర్పడమే వృత్తి. ఆ చుట్టుపక్కల సగం మంది ఈ కారులోనే, ఆమె తిట్లు తిని స్టీరింగు పట్టారు. బయటివాళ్లనైతే తిట్టి చివర 'అండీ' తగిలిస్తుంది. కన్నతల్లికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ కుట్టుమిషను పెడల్ మీద ఆడిన కాలు అది. జారిపోయే పట్టుగుడ్డ మీద ఒక్కొక్క కుట్టే పడేట్టు మోటారుని అదుపులో పెట్టిన కాలు. దానికి కుదురు లేదంటుందా ఈ పిల్ల!

"ఇక చాల్లేవే. నా వల్ల కాదు. రేపు లైసెన్సు పరీక్షకి నేను రాను," అంది.

అనేసింది గానీ, ఆ మాటకి ఆవిడ గుండే కలుక్కుమంది. కుట్టిన బట్టలు ఇచ్చి రావాలన్నా, కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలన్నా ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. అలా బతిమాలీ బతిమాలీ విసుగెత్తిపోయి, ఈ వయసులో కారు నేర్చుకుంటానని పంతం పట్టింది. ఇప్పుడు ఆ పంతం కాస్తా రోడ్డుపాలైంది.

కూతురే కారు నడుపుకుంటూ షెడ్డుకి తెచ్చింది. చూడాలి ఆ కారు వయ్యారం! ఆమె చేతిలో వెన్నలా వచ్చింది.

షెడ్డు అల్లుడిది. అతను మెకానిక్కు. "తప్పు అత్తయ్యది కాదేమో, కారుదేమో" అని మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. ప్లగ్గులు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, విప్పినవన్నీ కడిగి బిగించాడు. పెళ్లాం నడిపి చూపించగానే పాపం అతని నోరు మూతపడేది. ఇక మిగిలింది థ్రాటిల్ సెన్సార్, అంటే పెడల్ ఎంత నొక్కామో ఇంజనుకు చెప్పే చిన్న ముక్క. ఇవాళ దాని వైర్లకి ముల్లు మీటరు తగిలించి, ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచాడు.

"ఎక్కి పెడల్ నొక్కు. మెల్లగా," అన్నాడు భార్యతో.

ఆమె నొక్కింది. ముల్లు బుద్ధిగా పైకి లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది.

"చూశారా? కారుకేం రోగం లేదు," అంటూ దిగింది.

బెంచీ మీద ముడుచుకు కూర్చున్న అత్తగారిని చూశాడు అల్లుడు. "అత్తయ్యా, మీరొకసారి నొక్కండి."

"నేనా? నాతో ఎందుకు బాబూ, ఆ ముల్లు కూడా విరుగుతుంది!"

"విరిగితే విరిగింది. రండి."

ఆవిడ చెప్పు విడిచి ఎక్కింది. లేపి ఉన్న బానెట్ అడ్డమొచ్చి అల్లుడు కనబడలేదు. అది ఒకందుకు మంచిదే అయింది, చూసేవాళ్లు లేకపోతే కాలు దాని పని అది చేసుకుంటుంది. ఒక్కొక్క కుట్టు పడేటంత నెమ్మదిగా నొక్కుతూ పోయింది.

"ఆగండి! కాలు అక్కడే ఉంచండి!"

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. "చెప్పానా, విరుగుతుందని!"

"ఏమీ విరగలేదు అత్తయ్యా. కాస్త వెనక్కి... ఇప్పుడు ముందుకి... అదీ!" అల్లుడి గొంతులో నవ్వు. "ఏయ్, ఇలా రా. నీ కళ్లతో నువ్వే చూడు."

కూతురు వంగి చూసింది. కొంచెం లేచిన ముల్లు, ఒకచోటికి రాగానే దభీమని సున్నాకి పడిపోయింది. ఆ చోటు దాటగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచింది.

"నేర్చుకునేవాళ్లందరి చేతా నువ్వు కాలు పెట్టించేది ఇక్కడే," అన్నాడు అల్లుడు. "'ఇంతే నొక్కు, ఇంతకు మించొద్దు' అంటావు కదా. సెన్సార్ లోపల పట్టీ సరిగ్గా అక్కడే అరిగిపోయింది. ఆ చోటికొస్తే కాలు తీసేశారనుకుంటుంది ఇంజను. నువ్వు ఒక్క ఊపులో దాటేస్తావు కాబట్టి నీకు దొరకలేదు."

కూతురి మొహం చూడాలప్పుడు! "అయ్యయ్యో, మొన్న నేర్చుకోడానికొచ్చిన పోస్టుమాన్‌ని కూడా ఇలాగే తిట్టి ఏడిపించినంత పని చేశానండీ!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత కారు తలుపు దగ్గరికొచ్చి, తల్లి మోకాలి మీద చెయ్యేసింది. "తప్పైపోయిందమ్మా."

నాలుగు దులిపేద్దామనే అనుకుంది తల్లి. తీరా నోరు తెరిస్తే నవ్వొచ్చింది. "సరేలే, ముందు ఆ ముక్క మార్పించు," అంది.

సాయంత్రానికి అల్లుడు కొత్త సెన్సార్ బిగించాడు. తల్లి స్టీరింగు పట్టింది, కూతురు పక్కన నోరు కట్టేసుకుని కూర్చుంది. కాలు ఎంత అడిగితే అంతే కదిలింది కారు. గుంజలేదు, దగ్గలేదు. సందు దాటింది, మలుపు తిరిగింది, లారీల మధ్య నుంచి కూడా పద్ధతిగా పోయింది. తల్లికి ఒళ్లంతా తేలికైపోయింది.

"అమ్మా, ఇల్లు దాటేశాం," అంది కూతురు చిన్నగా.

"తెలుసులేవే. రేపు పరీక్ష ఉంది కదా, ఇంకాస్త దూరం పోనీ," అంది తల్లి.