గుండీలరాయుడికి కోపం ఎందుకొచ్చింది

ఇంకాస్త దగ్గరికి జరగండి. మెట్రో పోయినప్పుడల్లా మా కిటికీ గలగలమంటుంది, దూరంగా కూర్చుంటే సగం కథ దానికే పోతుంది.

మా మనవరాలు సుష్మిత పంజాగుట్టలో ఒక బొమ్మల కంపెనీలో పనిచేస్తుంది. అందరి పిల్లలూ మైత్రీవనంలో కోర్సులు చేసి సాఫ్ట్‌వేరుకు పోతే, ఇది అక్కడే కంప్యూటరులో బొమ్మలు గీయడం నేర్చుకుంది. వాళ్ల కార్టూనులో గుండీలరాయుడని ఒక విలన్ ఉన్నాడు. ముసుగేసుకుని, పెద్ద కత్తెర పట్టుకుని వచ్చి, అందరి గుండీలూ కత్తిరించుకుపోతాడు. పోలీసుల ప్యాంట్లు జారిపోతాయి. అది చూసి నవ్వీ నవ్వీ నా పళ్లెంలో అన్నం చల్లారిపోయిన రోజులున్నాయి.

వాడు అసలు విలన్ ఎట్లా అయ్యాడో ఒక కామిక్ పుస్తకం వేద్దామనుకుని, ఆ పని సుష్మితకు ఇచ్చారు. అట్ట మీద దాని పేరు పడుతుంది. మా ఇంట్లో పెళ్లికార్డు మీద తప్ప ఎవరి పేరూ అచ్చు కాలేదు మరి.

పిడుగు పడి చెడ్డవాడయ్యాడని గీసుకుపోయింది పిల్ల. వాళ్ల మేడం స్వరాజ్యం గారిది కోస్తా వైపు. ఆవిడ తిప్పి పంపించింది.

"ఏంటి సుష్మితా ఇది? పిడుగు పడితే కరెంటు పోతుంది గానీ మంచితనం ఎందుకు పోతుందమ్మా? ఎవరో ఏదో చేస్తేనే కదా కోపం వచ్చేది! సోమవారానికి మంచి కారణం పట్టుకురా, లేదంటే పుస్తకం ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను."

ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"మనిషి గుండీలు ఎందుకు ఎత్తుకపోతడు నానమ్మా?"

"గంతేనా? ఫ్లెక్సీల ఫోటో కనవడకుంటే ఎత్తుకపోతడు."

"ఏందీ?"

"మన తుకారాం తాత చెయ్యలే?"

తుకారాం మా గల్లీలోనే టైలరు, నన్ను అక్కా అని పిలుస్తాడు. కొన్నేళ్ల కిందట వినాయక చవితికి మండపం పరదాలన్నీ ఊరికే కుట్టి ఇచ్చాడు. నిమజ్జనం రోజుకని కమిటీ కుర్రాళ్లకు ఒకే రంగు చొక్కాలు కూడా కుట్టడానికి ఒప్పుకున్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, ఫ్లెక్సీలో తన ఫోటో. మా దగ్గర ఫ్లెక్సీ ఎట్లా ఉంటుందో తెలుసు కదా, మధ్యలో దేవుడు చిన్నగా, చుట్టూ మనవాళ్లు పెద్దగా. ఫోటో వేశారు, వేయలేదనకూడదు. పౌడరు కొట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర సెల్‌ఫోను పట్టుకుని దిగిన ఫోటో. తీరా ఫ్లెక్సీ కట్టాక డీజే బాక్సు తెచ్చి సరిగ్గా ఆ మొహం ముందే పెట్టారు. ఒక చెవి మాత్రం కనబడుతోంది. పాట మొదలైతే చాలు, ఆ చెవి అదురుతోంది.

బాక్సు జరపమని కమిటీ ప్రెసిడెంటు హనుమత్‌ప్రసాద్‌ను బతిమాలాడు. "జర ఆగు తాతా, వైరు అందది" అన్నాడు వాడు. పండగ అయిపోవచ్చింది గానీ వైరు అందలేదు.

అప్పటికి చొక్కాలకు గుండీలు కుట్టడమే మిగిలింది. తుకారాం అన్నీ ఒంటి దారంతో, ముడి వేయకుండా కుట్టి ఇచ్చాడు. పంజాగుట్ట చౌరస్తాలో తీన్మార్ దరువు అందుకోగానే కుర్రాళ్లు చేతులెత్తారు, గుండీలు గాల్లోకి లేచాయి. ఒకటి పోయి బ్యాండువాడి బూరలో పడింది, అది పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. ప్రెసిడెంటు ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో బొజ్జ పట్టుకుని ట్యాంక్‌బండ్ దాకా నడిచాడు. అందరూ దారాన్ని తిట్టారు, తుకారాంను ఎవరూ అనుమానించలేదు. నాకు ఆయనే చెప్పాడు, చాయ్ తాగుతూ. ఎవరికీ చెప్పొద్దనడం మర్చిపోయాడు.

సుష్మిత రెండు రోజులు కుర్చీ దిగకుండా గీసింది. పుస్తకంలో రాయుడి ముసుగు తీయాలి కదా, తీస్తే లోపల అచ్చం తుకారాం. అవే మీసాలు, మెడలో అదే టేపు.

స్వరాజ్యం గారు కళ్లనీళ్లొచ్చేట్టు నవ్వి, ఆఖరికి ఒక మెలిక పెట్టింది. "ఈయన నిజం మనిషిలాగున్నారే! ఆయన సరేనంటేనే అచ్చుకిస్తాను."

ఇంకేముంది, ఇద్దరం తుకారాం దుకాణానికి పోయాం. పోతే అక్కడ హనుమత్‌ప్రసాద్ నడుము కొలత ఇస్తూ నిలబడ్డాడు! సుష్మిత వెనక్కి తిరగబోయింది, అప్పటికే తుకారాం కాగితాలు అందుకున్నాడు. ప్రెసిడెంటు ఆయన భుజం మీద నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"తాతా! గా దినం గుండీలు నీ పనేనా?"

తుకారాం టేపు వదల్లేదు. "నా పనే. బాక్సు జరుపుమంటే జరిపినవా?"

"ఇజ్జత్ తీసినవ్ కదనే! నన్ను చూడనీకొచ్చిన పిల్ల, పిల్ల తరపోళ్లు సుత ఆడనే ఉండిరి!"

"గా పిల్లనే కదరా నిన్ను చేసుకున్నది" అన్నాను నేను. "నవ్వొచ్చిందనే ఒప్పుకున్నదంట, నాతోనే చెప్పింది."

హనుమత్‌ప్రసాద్ వంగి మళ్లీ కాగితాల్లోకి చూశాడు.

"తాతా, నువ్వు సరే అంటేనే పుస్తకం" అంది సుష్మిత. "లేకుంటే లేదు."

తుకారాం అట్ట బొమ్మను వెలుతురుకు పట్టి చూశాడు. పేజీ నిండా ఆయన మొహమే.

"దీని ముంగట ఏం పెట్టరు కదా?"

"పుస్తకం పేరు నెత్తి మీద ఉంటది."

"నెత్తి మీదైతే ఫికర్ లేదు. మరి గీ గడ్డం మీదున్నదేంది?"

"అది... నా పేరు తాతా."

"జరుపు."

"కిందికి జరిపితే మస్తు చిన్నగైతది తాతా!"

తుకారాం కళ్లద్దాల మీద నుంచి చూశాడు. "ఏం బిడ్డా, వైరు అందదా?"

హనుమత్‌ప్రసాదే ముందు నవ్వాడు. టేపు నడుముకుండగానే కింద కూర్చుని మరీ నవ్వాడు.

సుష్మిత జరిపింది. పుస్తకం వచ్చింది. ఇప్పుడు కార్టూనులో గుండీలరాయుడు కనబడితే పిల్లలు "బాక్సు జరపండిరా పాపం!" అని అరుస్తున్నారు. ఈసారి చవితి ఫ్లెక్సీ మీద తుకారాం ఫోటో వద్దన్నాడు, ఆ అట్టబొమ్మే వేయించుకున్నాడు. దాని కింద నల్లద్దాలు పెట్టుకుని రోజంతా నిలబడ్డాడు. డీజే బాక్సు ఏ గల్లీలో పెట్టారో గానీ, మా ఇంటికి వినబడనే లేదు.

ఇది మర్చిపోకండి, ఇంటికి పోయి మీవాళ్లకు చెప్పండి. తుకారాం పేరు మీరు చెప్పకున్నా ఆయనే చెప్పుకుంటాడు. మా సుష్మిత పేరు మాత్రం జర గట్టిగా చెప్పండి. అట్ట మీద అది ధర పక్కన, చీమంత ఉంది.