కొత్త నేలకి కన్నం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పాప నిద్రలో ఊపిరాడక గిలగిల్లాడుతుంటే, పక్కనే పడుకుని కూడా నాకు మెలకువ రాకపోవడం. పాపకి పదకొండు నెలలు. పుట్టినప్పటి నుంచి దాని ముక్కు కింద వేలు పెట్టి చూడకుండా నేను నిద్రపోయిన రోజు లేదు. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

ఆయనా, ఆయన అన్నయ్య మా బావగారూ కలిసి పద్దెనిమిదేళ్ళ నాటి మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉన్న ఇల్లులాంటి బండి. సెలవు దొరికినప్పుడల్లా ఎక్కడికైనా వెళ్ళి దాంట్లోనే ఉండొచ్చని ఆశ. పాత బండ్లు బాగుచెయ్యడం బావగారి వృత్తే. చేతిలో పనితనం ఉంది, నోట్లో వెటకారం ఉంది. మూడు నెలలు ఆయన షెడ్డులోనే గడిచాయి. కారే పైకప్పుకి అతుకులు వేశారు, బ్యాటరీ మార్చారు, పుచ్చిపోయిన నేల పీకి కొత్త ప్లైవుడ్ పరిచి, దాని మీద చెక్కలా కనిపించే వినైల్ షీటు అంటించారు. నేను కిటికీ అద్దాలు తోమాను, పరదాలు కుట్టాను.

గ్యాస్ సిలిండరు పెట్టే అర తుడుస్తుంటే తలుపు లోపలి వైపు చిన్న రేకు కనిపించింది. జిడ్డు గీకి, కూడబలుక్కుని చదివాను. కింద ఉన్న కన్నం ఎప్పుడూ మూయవద్దని రాసి ఉంది. వంగి చూశాను. కన్నం లేదు. కొత్త నేల నున్నగా మెరుస్తోంది.

“బావగారూ, ఇక్కడేదో కన్నం ఉండాలట.”

“ఉండేదమ్మాయ్, అరచేతంత. దుమ్ముకి, చలిగాలికి, ఎలుకలకి అదే సింహద్వారం. నేనే మూసేశాను.”

“మూయొద్దని రాసుందిగా?”

“రాసినవాడొచ్చి ఎలుకల్ని పడతాడా? ఇరవై ఏళ్ళుగా నేలలు వేస్తున్నాను. ఇప్పుడు తొమ్మిదో క్లాసుతో ఆపేసిన ఇంజనీరుగారు చెప్పారని కొత్త షీటు కోసెయ్యాలా?”

మా ఆయన తల వంచుకుని కింద పడ్డ స్క్రూలు ఏరుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి ప్రయాణం నది ఒడ్డున బండ్లు ఆపుకునే మైదానానికి. తన పనితనం చూసుకోవడానికి బావగారూ వచ్చారు. పెద్దవాళ్ళం మంచాల మీద, పాప కింద చిన్న పరుపు మీద. పైనుంచి పడిపోతుందని నేనే కింద వేశాను.

రెండో రోజు పొద్దున మగవాళ్ళిద్దరూ బయట కుర్చీల్లో టీ తాగుతున్నారు. పాప పాకుతూ సిలిండరు అర దాకా వెళ్ళి దగ్గింది. మొహం అటూ ఇటూ తిప్పుకుంది. ఎత్తుకుందామని వంగాను. కుళ్ళిన ఉల్లిపాయ వాసన. లేచి నిలబడ్డాను, ఏమీ లేదు. మళ్ళీ వంగాను, గుప్పుమంది.

సిలిండరు కట్టేసి, తలుపు బార్లా తెరిచి, పాపని చంకనేసుకుని బయటికి దూకాను.

“గ్యాస్! ఎవరూ స్విచ్చి ముట్టుకోకండి!”

బావగారు తాపీగా లోపలికెక్కి, నిలబడి గాలి పీల్చారు. “ఏ వాసనా లేదే! నీకంటే నీ ముక్కు పిరికిది.”

“నిలబడితే తెలీదు. మోకాళ్ళ మీద కూర్చుని నేలకి ముక్కు ఆనించండి.”

“ఏంటీ?”

“నా కూతురు ఎంత ఎత్తులో పాకుతుందో అంత ఎత్తులో చూడండి. అప్పుడు నన్ను ఎంతైనా తిట్టండి.”

వంగారు. తిట్టలేదు. లేచేసరికి ముఖంలో నెత్తురు లేదు.

ఆ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. కన్నం ఉంటే అందులోంచి బండి కిందికి జారి చెదిరిపోయేది. మూసేస్తే బండిలోనే నీళ్ళలా మడుగు కట్టింది, నా పాప పరుపు చుట్టూ.

సిలిండరుని పైపుతో సహా దూరంగా పెట్టి, కాస్త తెరిచి, పైపుకి సబ్బు నురగ రాస్తే బిగింపు దగ్గర బుడగలొచ్చాయి. ఊరి దుకాణం నుంచి మా ఆయన కొత్త పైపు తెచ్చి బిగించాడు. మళ్ళీ నురగ రాశారు. బుడగ లేదు.

“లీకు పోయింది, ఇంక కన్నంతో పనేముంది?” అన్నారు బావగారు, షీటు వైపు ముద్దుగా చూసుకుంటూ.

“అన్నయ్య చెప్తున్నాడుగా, ఇంటికెళ్ళాక చూద్దాం లేవే,” అన్నాడు మా ఆయన.

“ఇంటికెళ్ళేదాకా నా కూతురు ఊపిరి బిగబట్టుకుని ఉండాలా? ఈ పైపు పోతే ఇంకో పైపు. ఏదో ఒకరోజు అదీ కారుతుంది. పట్టండి పాపని.”

పాపని ఆయన చేతుల్లో పెట్టి, బావగారి పెట్టెలోంచి చేత్తో తిప్పి తూట్లు పొడిచే బర్మా తీసుకుని బండి కిందికి దూరాను. పాత కన్నం అంచు అడుగు రేకులో గుండ్రంగా తెలుస్తూనే ఉంది. వెల్లకిలా పడుకుని ఆ గుండ్రం వెంటే తూట్లు పొడిచాను. చెక్కపొట్టు కళ్ళల్లో పడింది. చేతులు లాగేశాయి. పైనుంచి బావగారి గొంతు వినిపిస్తూనే ఉంది: “అమ్మాయ్, వద్దు! షీటు చీలిపోతుంది!”

“చీలనివ్వండి!”

చివరికి ముక్క ఊడి నా గుండెల మీద పడింది. కన్నంలోంచి బండి లోపలి వెలుతురు కనిపించింది. ఎలుకలు రాకుండా తీగవల కత్తిరించి అడ్డంగా బిగించాను. ఎలుకలంటే నాకూ ప్రేమేం లేదు.

బయటికొచ్చేసరికి బావగారు మెట్టు మీద కూలబడి ఉన్నారు. షీటు కోసం అనుకున్నాను.

“పోయిన నెల ఇంకో బండికి ఇదే నేల వేశానమ్మాయ్,” అన్నారు. “ఇలాగే మూసేశాను. చిలకల తాతయ్యది.”

ఆ తాతయ్య పని మానుకున్న టైలరు. ఒంటరిగా బండేసుకుని తిరుగుతాడు. మంచం ఎక్కలేక నేల మీదే పడుకుంటాడు. అప్పటికప్పుడు ఫోన్ చేశాం. కట్టేసి ఉంది. ఇవాల్టికి నాలుగు రోజులు, ఇంకా కట్టేసే ఉంది. బావగారు తెలిసిన మైదానాలన్నీ వెతుకుతున్నారు. కన్నం మాటెత్తి తిట్టించుకున్నదాన్ని నేను కాబట్టి, ఇదంతా మీ అందరికీ రాయడం నా వంతన్నాను.

బండి పసుపు రంగు. వెనక తలుపు మీద రెండు చిలకల బొమ్మలుంటాయి. ఎక్కడైనా కనిపిస్తే దయచేసి దాటి వెళ్ళిపోకండి. ఆయనకి చెవుడు, మోకాళ్ళ నొప్పులు; లేచి రావడానికి చాలాసేపు పడుతుంది. తలుపు తీసేదాకా కొడుతూనే ఉండండి.